ఖాళీ మూటకు కూడా చీటీ ఉండాలి

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను కంప్యూటరు గురించి మాట్లాడమన్నారు. ఆ మాట వినగానే మనవాళ్ళు కొందరు నవ్వారు. వారి నవ్వులో న్యాయముంది. నేను సర్వీసంతా గుమాస్తాగా గడిపినవాణ్ణి. టైపు మిషను, కార్బను కాగితం, దారపు ట్యాగు, ఇంకుప్యాడు, ఇవే నా పనిముట్లు. అయినా ఈ రోజు నేను ఎత్తుకున్న విషయం ఇంజనీర్ల కంటే గుమాస్తాలకే బాగా తెలిసిన విషయం. వస్తువు ఒకచోట ఉండాలి. అక్కడ లేదు. దాని స్థానంలో చీటీ ఉంది. రిజిస్టరు ఆ చీటీని చూసి వస్తువు ఉన్నట్టే రాసుకుంది. ఇప్పుడు ఆ రిజిస్టరును నమ్మవచ్చా, నమ్మకూడదా? కంప్యూటరు వారు ఇటువంటి చీటీని డమ్మీ ప్యాకేజీ అంటారు. మన పిల్లలు, మనవలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో కూర్చుని ఫోనులో "డిపెండెన్సీ సమస్య వచ్చింది, ఇవాళ ఆలస్యమవుతుంది" అంటూ ఉంటారు గదా, ఆ సమస్యకు ఇది దగ్గరి చుట్టం.

ముందుగా ప్యాకేజీ అంటే ఏమిటో చెప్పుకుందాం. మన సంఘం గదిలోని కంప్యూటరు పాతది. ఒక సభ్యుని కుటుంబం వారు ఉదారంగా ఇచ్చినది. దానిలో నడుస్తున్న వ్యవస్థ పేరు డెబియన్. 1993 ఆగస్టు 16న అమెరికాలో అయాన్ మర్డాక్ అనే యువకుడు దీనిని ప్రకటించాడు. తనకు కాబోయే భార్య డెబ్రా పేరు, తన పేరు కలిపి ఆ పేరు పెట్టాడు. ప్రపంచంలో ఎందరో స్వచ్ఛందంగా పనిచేసి దీనిని నిలబెడుతున్నారు. లైసెన్సు రుసుము లేదు గనుక మన సంఘం వంటి వాటికి అనువుగా ఉంది. 2025 ఆగస్టులో వచ్చిన 13వ వెర్షనులో సుమారు 70 వేల ప్యాకేజీలు ఉన్నాయి. ఒక్కొక్క ప్యాకేజీ ఒక మూట అనుకోండి. ఉత్తరాలు రాసే ప్రోగ్రాము ఒక మూట, తెలుగు అక్షరాలు ఒక మూట, ప్రింటరును నడిపేది ఇంకొక మూట.

ప్రతి మూట మీదా ఒక చీటీ ఉంటుంది. మూట పేరు, వెర్షను నంబరు, కట్టినవారి పేరు, లోపల ఏముందో నాలుగు మాటలు దానిమీద రాసి ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యమైన గడి ఒకటుంది. "నేను పనిచేయాలంటే ఫలానా ఫలానా మూటలు కూడా ఉండాలి" అని అందులో రాసి ఉంటుంది. దీనినే డిపెండెన్సీ అంటారు. మన భాషలో జతపరచవలసిన పత్రముల జాబితా అన్నమాట.

ఈ మూటల వ్యవహారం చూడడానికి డెబియన్‌లో ఇద్దరు ఉద్యోగులున్నారు. ఆప్ట్ అనేది అటెండరు వంటిది. ఏ మూట కావాలో చెబితే దానిని, దానికి జతగా కావలసిన వాటిని వెతికి తెచ్చిపెడుతుంది. డీపీకేజీ అనేది రికార్డు గుమాస్తా. తెచ్చిన మూటను విప్పి, సరుకును అరలలో సర్ది, రిజిస్టరులో నమోదు చేస్తుంది. ఆ రిజిస్టరు మాయామంత్రమేమీ కాదు, చదువుకోదగిన మామూలు ఫైలే. ఒక్కొక్క మూటకు ఒక్కొక్క పేరా. "అమర్చబడినది, సరిగా ఉన్నది" అని స్థితి. జతపత్రాలలో ఒక్కటి లేకపోయినా ఈ గుమాస్తా కొత్త మూట పని పూర్తయినట్టు రాయదు. కచ్చితమైన మనిషి.

ఇప్పుడు చిక్కు ఎక్కడ వస్తుందో చూడండి. గుమాస్తా చూసేది పేరును, నంబరును. సరుకును కాదు. పండిట్ నెహ్రూ బస్ స్టేషనులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు పడుతుంది గదా! తువ్వాలు కనబడితే మనం ఆ సీటులో కూర్చోము. తువ్వాలు ఉన్నదంటే మనిషి వస్తున్నాడని నమ్ముతాం. డీపీకేజీ గుమాస్తా కూడా అంతే. పేరు కనబడితే మనిషి ఉన్నాడని నమ్ముతుంది. ఈ నమ్మకాన్ని ఆధారం చేసుకుని లోపల ఏమీ లేని మూటకు చీటీ మాత్రం కట్టి రిజిస్టరులో రాయించవచ్చు.

ఇది వినగానే మోసం అనిపిస్తుంది. అన్నీ మోసాలు కావు. నేను గమనించినంతలో ఈ ఖాళీ మూటలు నాలుగు రకాలు. మన ఆఫీసుల్లో నాలుగింటినీ చూశాం.

మొదటిది జాబితా మూట. దీనికి మన తెలుగే మంచి ఉదాహరణ. డెబియన్‌లో "ఫాంట్స్-తెలు" అనే ప్యాకేజీ ఉంది. దానిలో ఒక్క అక్షరం కూడా ఉండదు. దాని చీటీ మీద జతపత్రాల జాబితా మాత్రం ఉంటుంది. అది అడిగిన మూటలు వస్తే తిరుమల కృష్ణ దేశికాచార్యుల వారు రూపొందించిన పోతన, వేమన అక్షరాలు ఒకదానిలో వస్తాయి. లోహిత్ తెలుగు ఇంకొకదానిలో వస్తుంది. "తెలుగు విజయం" అనే వేరొక మూటలో మండలి, ఎన్టీఆర్ మొదలైన పేర్లతో అక్షరాలు వస్తాయి. మండలి అంటే మన అవనిగడ్డ శాసనసభ్యులుగా, విద్యామంత్రిగా పనిచేసి 1975లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన మండలి వెంకట కృష్ణారావు గారి పేరే. ఎన్టీఆర్ ఎవరో నిమ్మకూరు ఉన్న ఈ కృష్ణా తీరంలో నేను చెప్పనవసరం లేదు. మన దివిసీమ నాయకుని పేరు, నిమ్మకూరు బిడ్డ పేరు కంప్యూటరులోకి రావడానికి దారి చూపేది ఒక ఖాళీ మూట. పెళ్ళివారు కొట్టుకు పంపే పచారీ చీటీలో కందిపప్పు ఉండదు, కందిపప్పు అనే మాట ఉంటుంది. ఆ చీటీ లేకపోతే సామాను రాదు. ఇది నూటికి నూరుపాళ్ళు నిజాయితీ గల ఖాళీ మూట.

రెండవది బోర్డు మూట. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లాను విడదీసి విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా ఏర్పరచారు. మన పాత కాగితాల మీద విజయవాడ కృష్ణా జిల్లాలోనే ఉంది. పాత చిరునామా పట్టుకుని వచ్చినవాణ్ణి "ఈ పేరు మారినది, అక్కడికి వెళ్ళుము" అని కొత్త చోటికి పంపాలి గదా! ప్యాకేజీల పేర్లు కూడా మారుతుంటాయి. తెలుగు అక్షరాల మూటకు మొదట "టీటీఎఫ్-తెలుగు-ఫాంట్స్" అని పేరు. తరువాత ఇప్పటి పేరు వచ్చింది. ఇలా పేరు మారినప్పుడు పాత పేరుతో ఒక ఖాళీ మూటను కొంతకాలం ఉంచి, దాని చీటీ మీద "నాకు కొత్త పేరు గల మూట కావాలి" అని రాస్తారు. పాత పేరుతో అడిగినవానికి కొత్తది అందుతుంది. అందరూ కొత్త పేరుకు అలవాటు పడిన తరువాత ఆ బోర్డును తీసివేస్తారు. ఇదీ న్యాయమైనదే.

మూడవది ఇన్‌చార్జి మూట. తహశీల్దారు గారు సెలవులో ఉంటే డిప్యూటీ తహశీల్దారు గారు పూర్తి అదనపు బాధ్యతలతో సంతకం పెడతారు. రైతుకు కావలసింది ఆ పదవి తాలూకు సంతకం, ఫలానా మనిషి కాదు. కంప్యూటరులో ఉత్తరాలు పంపే ప్రోగ్రాములు చాలా ఉన్నాయి. వాటిలో ఏదో ఒకటి ఉంటే చాలునని కొన్ని మూటలు అడుగుతాయి. మనం ఆ ప్రోగ్రామును మూటల దారిలో కాకుండా స్వయంగా తెచ్చి, చేత్తో అమర్చుకున్నాం అనుకోండి. పని జరుగుతూనే ఉంటుంది గాని రికార్డు గుమాస్తాకు ఆ సంగతి తెలియదు. "ఉత్తరాలు పంపేవాడు లేడు" అని అభ్యంతరం పెడుతుంది. అప్పుడు ఒక ఖాళీ మూట కట్టి, "ఈ పదవిలో మనిషి ఉన్నాడు" అని చీటీ రాసి ఇస్తాం. సరుకు నిజంగా ఉంది, మూటలో మాత్రం లేదు. మన రికార్డు రూములో కట్టలోంచి ఫైలు తీసినప్పుడు ఆ స్థానంలో పెట్టే చీటీ ఇటువంటిదే. ఫైలు నంబరు, తీసిన తేదీ, తీసుకున్న సెక్షను, సంతకం. చీటీ ఉన్నంతకాలం ఫైలు పోలేదు, ప్రయాణంలో ఉన్నదంతే.

నాలుగవది కుర్చీకి తగిలించిన కోటు. మీకందరికీ తెలిసిన హాస్యమే. కుర్చీకి కోటు ఉన్నది గనుక మనిషి ఆఫీసులోనే ఉన్నాడు, కాఫీకి వెళ్ళాడు అనుకుంటారు. మనిషి మాత్రం మ్యాట్నీలో ఉంటాడు. మూటలో సరుకు లేదు, బయటా లేదు, అడిగినవాని నోరు మూయించడానికి పేరు మాత్రం రాశారు.

అయితే ఈ నాలుగవ దానికి కూడా ఒక న్యాయమైన సందర్భం ఉంది. కొన్ని దరఖాస్తు ఫారాలలో మనకు సంబంధించని గడులుంటాయి. ఖాళీగా వదిలితే కౌంటరులో తీసుకోరు. "వర్తించదు" అని రాస్తాం. అది అబద్ధం కాదు. అలాగే కొన్ని మూటలు తమకు అవసరం లేని వాటిని కూడా జతపత్రాలలో అడుగుతాయి, కట్టినవారు అజాగ్రత్తగా రాయడం వల్ల. అప్పుడు ఖాళీ మూట "వర్తించదు" అనే మాటతో సమానం. కానీ "వర్తించదు" అని రాసే ముందు నిజంగా వర్తించదా అని చూసుకోవాలి. అక్కడే ఉంది అసలు విషయం. మన సంఘం గదిలో జరిగిన ఒక సంగతి చెబితే ఇది తేటపడుతుంది.

2022 వేసవిలో మన కంప్యూటరులోని డెబియన్‌ను కొత్త వెర్షనుకు మార్చాం. మార్చినవాడు మన సభ్యుని మనవడు, ఇంజనీరింగు చదువుతున్న కుర్రవాడు. చురుకైనవాడు, మర్యాదస్థుడు. పాత వెర్షనులో మన ప్రింటరు చక్కగా పనిచేసేది. కొత్తదానిలో ఆ ప్రింటరు తయారీదారులు ఇచ్చిన మూటను మళ్ళీ అమర్చబోతే రికార్డు గుమాస్తా అభ్యంతరం పెట్టింది. "ఎల్ఎస్‌బీ అనే మూట, 3.2 గాని అంతకు పైబడిన నంబరు గాని కావాలి, లేదు" అన్నది.

ఎల్ఎస్‌బీ అంటే లినక్స్ స్టాండర్డ్ బేస్. లినక్సులో డెబియన్ వంటి శాఖలు చాలా ఉన్నాయి. ఒక శాఖ కోసం తయారుచేసిన ప్రోగ్రాము మరొక శాఖలో కూడా నడవాలని 2001లో ఈ ఉమ్మడి నిబంధనల మొదటి ప్రతి వెలువడింది. ఆలోచన మంచిదే గాని ఆచరణలో దానిని పాటించినవారు బహు తక్కువ. 2015లో డెబియన్ వారు ఇక దానిని మోయడం మానుకున్నారు. 2017 జూన్ 17న వచ్చిన 9వ వెర్షను నుంచి ఆ మూట లేదు. ప్రింటరు వారి చీటీ మాత్రం మారలేదు. రద్దయిన ఆఫీసు నుంచి సర్టిఫికెట్టు తెమ్మన్నట్టయింది మన పని.

కుర్రవాడు తడుముకోలేదు. "ఇదెంత పని తాతగారూ!" అని ఈక్వివ్స్ అనే పనిముట్టు తీశాడు. డెబియన్‌లో ఖాళీ మూటలు కట్టడానికే ఉన్న సాధనమది. దానిలో ఒక ఆజ్ఞ ఇస్తే నమూనా ఫారం వస్తుంది. మూట పేరు, వెర్షను, కట్టినవారి పేరు, ఏ పదవికి బదులుగా నిలుస్తుంది, వివరణ, ఇలా గడులుంటాయి. కావలసినవి పూరించి రెండవ ఆజ్ఞ ఇస్తే ఖాళీ మూట తయారవుతుంది. దానిని డీపీకేజీకి అందిస్తే రిజిస్టరులో ఎక్కుతుంది. మొత్తం అయిదు నిమిషాలు. ఎల్ఎస్‌బీ అనే పేరుతో ఖాళీ మూట ఎక్కింది. ప్రింటరు మూట కూడా మారుమాట లేకుండా అమరింది. రిజిస్టరులో రెంటికీ "సరిగా ఉన్నది" అని పడింది.

ఆ రోజు ఆదివారం. నాగాయలంక నుంచి కీర్తిశేషులైన మన సభ్యుని భార్య వచ్చి ఉన్నారు. కుటుంబ పింఛను బకాయిల లెక్క మనవాళ్ళు వేసి కంప్యూటరులో ఎక్కించారు. దానిని కాగితం మీద తీసుకుని మర్నాడు ఉదయం ట్రెజరీలో ఇవ్వాలని ఆవిడ తొందర. ఆదివారం సాయంత్రం గనుక చుట్టుపక్కల జిరాక్సు దుకాణాలు మూసి ఉన్నాయి. కుర్రవాడు ప్రింటు నొక్కాడు. కాగితం కదలలేదు. మళ్ళీ నొక్కాడు. కదలలేదు. రిజిస్టరు తీసి చూస్తే అన్నీ సరిగానే ఉన్నాయి. కుర్రవాడు ఆవిడతో "అన్నీ ఉన్నాయండీ, అన్నీ సరిగానే ఉన్నాయండీ" అంటున్నాడు. ఆవిడ నెమ్మదిగా "అన్నీ ఉన్నాయంటున్నావు గదా బాబూ, మరి కాగితమేదీ?" అన్నారు. కోపంతో అనలేదు. తెలియక అడిగారు. ఆ మాటకు మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. ఆవిడ చివరి బస్సు అందుకోవాలని వెళ్ళిపోయారు.

ఆవిడను బస్సెక్కించి వచ్చి నేను కుర్రవాణ్ణి ఒక్క ప్రశ్న అడిగాను. కంప్యూటరు ప్రశ్న కాదు, రికార్డు రూము ప్రశ్న. "నాయనా, నువ్వు ఖాళీ మూట పెట్టావు సరే. ఆ స్థానంలో అంతకుముందు ఉన్న మూటలో ఏముండేది? చూశావా?" వాడు ఆలోచనలో పడ్డాడు. అప్పుడు ఇద్దరం కూర్చుని వెతికాం. వెతికింది వాడు, కూర్చున్నది నేను.

ప్రింటరు వారి ప్రోగ్రాము ఫైలు కళ్ళ ఎదుటే ఉంది. దానిని విడిగా నడపబోతే "అటువంటి ఫైలు లేదు" అని జవాబు వస్తున్నది. ఉన్న ఫైలునే లేదంటున్నదే అని మాకు వింతగా తోచింది. సంగతేమిటంటే, ఏ ప్రోగ్రామునైనా లేపి నడిపించే లోడరు అనే చిన్న ప్రోగ్రాము ఇంకొకటి ఉంటుంది. ఫలానా లోడరు నన్ను లేపాలి అని ప్రతి ప్రోగ్రాము మొదట్లోనూ దాని పేరు రాసి ఉంటుంది. ప్రింటరు వారి ప్రోగ్రాములో రాసి ఉన్నది ఎల్ఎస్‌బీ వారి పేరుతో ఉన్న లోడరు. లేదు అని వచ్చిన జవాబు ఈ లోడరు గురించి. నిజానికి ఆ లోడరు వేరే మనిషి కాదు, మన కంప్యూటరులో మామూలు పేరుతో ఉన్నవాడే. పాత ఎల్ఎస్‌బీ మూట వచ్చినప్పుడు "ఆ పేరుతో అడిగితే ఈ మనిషిని పిలువుము" అని దారి చూపే లింకు ఒకటి ఏర్పడేది. ఆ మూట అడిగిన వందలాది వస్తువులలో ప్రింటరుకు నిజంగా కావలసింది ఈ ఒక్క లింకు. మనం పెట్టిన ఖాళీ మూటలో ఆ ఒక్కటీ లేదు.

కుర్రవాడు ఆ లింకును మూటలో చేర్చి మళ్ళీ కట్టాడు. ఈక్వివ్స్ ఫారంలో దానికీ గడి ఉంది. రాత్రి పదిన్నరకు కాగితం బయటికి వచ్చింది. సోమవారం ఉదయం స్పీడ్ పోస్టులో పంపించాం. అందింది గాని ఆవిడ పని కొన్ని రోజులు వెనుకబడింది.

ఇందులో కుర్రవాణ్ణి తప్పు పట్టడానికి ఈ కథ చెప్పలేదు. ఆ రాత్రి పట్టు వదలకుండా కూర్చున్నది వాడే. నేను చెప్పదలచినది ఇది. రిజిస్టరులో అభ్యంతరం తొలగడం వేరు, పని జరగడం వేరు. ఖాళీ మూట మొదటిదానిని చేస్తుంది. రెండవది మనం చూసుకోవాలి. చూసుకోకపోతే నష్టం చీటీ రాసినవానికి కాదు, యాభై మైళ్ళ నుంచి బస్సులో వచ్చిన మనిషికి.

మన కృష్ణానది మీద జరిగిన ఒక సంఘటన గుర్తు చేస్తాను. 2021 ఆగస్టు 5న పులిచింతల ప్రాజెక్టులో 16వ నంబరు గేటు కొట్టుకుపోయింది. అప్పుడు నీటిమట్టం తగ్గించి, ఆ ఖాళీలో స్టాప్‌లాగ్ దింపారు. స్టాప్‌లాగ్ అసలు గేటు కాదు. గేటు చేసే పనులన్నీ చేయదు. కానీ గేటు నుంచి ఆ సమయంలో కావలసిన ముఖ్యమైన పని, నీటిని ఆపడం, అది చేస్తుంది. ఆ ఖాళీలో అట్టముక్క పెట్టి "గేటు కలదు" అని రిజిస్టరులో రాస్తే డెల్టాకు నీరు నిలుస్తుందా? బదులు మనిషిని గాని, బదులు వస్తువును గాని పెట్టేటప్పుడు అసలువాడు ఏ భారం మోసేవాడో తెలుసుకుని ఆ భారం మేరకైనా మోయగలదా అని చూడాలి.

ఈ తువ్వాలు వ్యవహారంలో ఇంకొక ప్రమాదం కూడా ఉంది. పిల్లలు సాఫ్టువేరు ఉద్యోగాలలో ఉన్నవారు దీనిని గమనించాలి. పెద్ద కంపెనీలు తమ లోపలి పనులకు సొంత మూటలు కట్టుకుంటాయి. ఆ పేర్లు బయటి బహిరంగ భాండాగారాలలో ఉండవు. అలెక్స్ బిర్సన్ అనే పరిశోధకుడు అటువంటి లోపలి పేర్లు కొన్ని తెలుసుకుని, అవే పేర్లతో తన మూటలను బహిరంగ భాండాగారాలలో పెట్టి చూశాడు. ఆ కంపెనీల యంత్రాలు తమ సొంత మూటను వదిలి అతని మూటను తెచ్చుకున్నాయి. ఆపిల్, మైక్రోసాఫ్ట్ వంటి సంస్థలు కూడా అందులో ఉన్నాయి. 2021 ఫిబ్రవరిలో ఆయన దీనిని బయటపెట్టాడు. చెడు చేయడానికి కాదు, హెచ్చరించడానికి చేశాడు. ఆ సంస్థలు బహుమానాలు కూడా ఇచ్చాయి. అటువంటి పేర్లను ముందుగానే ఖాళీ మూటలతో ఆపుకోవడం ఒక జాగ్రత్తగా చెబుతుంటారు. అంటే అక్కడ తువ్వాలు వేయకపోవడమే ప్రమాదం. ఖాళీ మూట మంచిదా చెడ్డదా అని ఒక్క మాటలో తేల్చలేమని ఇందువల్లనే అంటున్నాను.

ఇక ఖాళీ మూట కట్టవలసి వస్తే పాటించవలసిన పద్ధతులు చెబుతాను. ఇవి ఆ కుర్రవాడూ నేనూ కూర్చుని రాసుకున్నవి.

ఒకటి. ముందు అసలు మూట దొరుకుతుందేమో చూడాలి. పేరు మారి ఉండవచ్చు. 2038 జనవరి 19 తరువాత తేదీలు లెక్కపెట్టలేని పాత పద్ధతిని సరిచేయడానికి డెబియన్ వారు 2024లో ఎన్నో మూటల పేర్ల చివర "టీ64" అని చేర్చారు. పాత పేరుతో వెతికితే లేదనిపిస్తుంది. కొత్త పేరుతో ఉంటుంది. అక్కడ ఖాళీ మూట అవసరమే రాదు.

రెండు. గుమాస్తా నోరు బలవంతంగా మూయించే ఆజ్ఞ ఒకటి డీపీకేజీలో ఉంది. అది వాడకూడదు. అలా దొంగదారిన ఎక్కించినా ఆప్ట్ అటెండరు ఊరుకోడు. తరువాత ఏ మూట తెమ్మన్నా "ముందు ఆ లోటు సరిచేయండి" అని పని ఆపుతాడు. బలవంతం కంటే రాతపూర్వకమైన చీటీ మేలు.

మూడు. వెర్షను నంబరు అవసరమైనంత మేరకే వేయాలి. 3.2 అడిగితే 3.2 తీరేటట్టు వేస్తే చాలు. గొప్పకు 999 అని వేస్తే, రేపు నిజమైన మూట 5 నంబరుతో వచ్చినప్పుడు యంత్రం "నా దగ్గర ఇంతకన్నా కొత్తది ఉంది" అని దానిని తీసుకోదు. భద్రత కోసం వచ్చే సవరణలూ అంతే. లోపల ఏమీ లేకపోయినా రిజిస్టరు లెక్కల ప్రకారం మనమే ముందున్నాం!

నాలుగు. వివరణ గడిలో నిజం రాయాలి. "ఇది ఖాళీ మూట. ఫలానా ప్రింటరు కోసం, ఫలానా తేదీన, ఫలానావారు కట్టారు. ఫలానాది జరిగితే తీసివేయవచ్చు." అంతే. ఈక్వివ్స్ తయారుచేసినవారు కూడా ఒక మంచి మాట రాశారు. ఇతరుల మూటలలోని పొరపాటు జతపత్రాలను దాటడానికి దీనిని వాడుకోవచ్చు, అయినా ఆ పొరపాటును సంబంధిత వారికి తెలియజేయడం మానవద్దు అని వారి భావం. మన భాషలో, అభ్యంతరం దాటడంతో సరిపెట్టక పై అధికారికి రిపోర్టు కూడా పెట్టమని.

అయిదు. దీనిని ముఖ్యంగా మనవి చేస్తున్నాను. ట్రెజరీ వారు ఏటా ఒకసారి మనలను "ఉన్నారా?" అని అడుగుతారు. మనకు విసుగ్గానే ఉంటుంది. మోకాళ్ళ నొప్పులతో వేలిముద్ర వేయడానికి వెళ్ళడం కష్టమే. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చిన తరువాత కొంత సులువైంది. కానీ ఆ ప్రశ్నలో అర్థముంది. ఒకసారి రిజిస్టరులో ఎక్కిన పేరు అడిగేవాడు లేకపోతే ఎప్పటికీ ఉండిపోతుంది. డీపీకేజీ గుమాస్తా మటుకు ఎన్నటికీ అడగదు. ఒకసారి "సరిగా ఉన్నది" అని రాస్తే పదేళ్ళయినా అదే మాట. కాబట్టి ఆ ప్రశ్న మనమే అడగాలి.

ఈ ఉద్దేశంతో సంఘం గదిలో ఒక నోటుపుస్తకం తెరిచాం. వరుస సంఖ్య, ఖాళీ మూట పేరు, ఎందుకు, ఎవరు, ఏ తేదీ, చివరిసారి పరిశీలించిన తేదీ అని ఆరు గడులు గీశాం. మన సభ్యుల వార్షిక ధృవీకరణ పత్రాలు పూర్తిచేసే రోజుల్లోనే ఒక పూట ఈ మూటలకూ కేటాయించి, అవి ఇంకా అవసరమా, వాటి వెనుక ఉండవలసినది ఉన్నదా అని చూస్తున్నాం. ఆ పుస్తకంలో మూడు పద్దులున్నాయి. ఒకదానిని ఇటీవలే కొట్టివేశాం. ఆ మూటను అడిగిన ప్రోగ్రామునే మనం వాడటం మానేశాం గనుక దాని అవసరం తీరింది. ఎర్ర సిరాతో గీత గీసి, తేదీ వేసి, సంతకం పెట్టాం. అందుకు పట్టింది రెండు నిమిషాలు. ఆ పుస్తకమే లేకపోతే దేనికోసం కట్టారో తెలియని మూటను తీయడానికి ఎవరికీ ధైర్యం చాలదు. ఆఫీసుల్లో పాత బీరువాలను ఎవరూ తెరవనిది ఇందుకే గదా!

ఆ కుర్రవాడు ఇప్పుడు బెంగుళూరులో ఉద్యోగంలో చేరాడు. మా సంఘంలో ఈ సంగతులు తెలిసిన మేము నలుగురం డెబ్బయి దాటినవాళ్ళం. రేపు ఆ కంప్యూటరు ముందు ఎవరు కూర్చుంటారో తెలియదు. వారికి రిజిస్టరు చెప్పేది "సరిగా ఉన్నది" అనే ఒక్క మాటే. ఏది నిజంగా ఉన్నది, ఏది పేరుకు ఉన్నది అని చెప్పేది ఆ నోటుపుస్తకమూ, మూట మీద రాసిన నాలుగు మాటలూను. మనం సర్వీసులో ఉన్నప్పుడు బదిలీ మీద వెళ్ళే గుమాస్తా చార్జి లిస్టు రాసి అప్పగించేవాడు. వచ్చినవాడు దానిని సరిచూసుకుని సంతకం పెట్టేవాడు. యంత్రాలు వచ్చినంత మాత్రాన ఆ మర్యాద తీరిపోలేదు.

కనుక ఇక్కడ ఉన్న యువతకు నా మనవి ఇదే. పని ఆగిపోయినప్పుడు ఖాళీ మూట కట్టండి, తప్పులేదు. కట్టే ముందు దాని స్థానంలో ఏముండేదో ఒకసారి విప్పి చూడండి. కట్టిన తరువాత ఎందుకు కట్టారో నిజం రాయండి. ఏడాదికోసారి వెనక్కి వచ్చి చూడండి. మా తరం వారికి చెప్పేదేమంటే, పిల్లలు ఇటువంటి పని చేస్తున్నప్పుడు "మాకేం తెలుసు" అని పక్కకు తప్పుకోవద్దు. వారికి యంత్రం తెలుసు, మనకు రిజిస్టరు తెలుసు. అడగవలసిన ప్రశ్న మన దగ్గరే ఉంటుంది.